డబుల్ స్ట్రోకు

2023 జూన్ 14, బుధవారం

నిన్న రాత్రి పదకొండు దాటాక ఫోను. అక్క కొడుకు చిన్నోడి చెయ్యి ప్రెస్సులో పడిందని వాడి గదిలో ఉండే కుర్రాడు చెప్పాడు. బండి వేసుకుని వెళ్ళేసరికి బాలానగర్ దగ్గర ఒక చిన్న నర్సింగ్ హోములో బల్ల మీద ఉన్నాడు. కుడి చెయ్యి. చూపుడు వేలు రెండు కణుపులు, మధ్య వేలు ఒక కణుపు.

తెగిన ముక్కల్ని ఎవరో ఐసు నీళ్ళ గ్లాసులో వేసి తెచ్చారు. పాపం, తెలిసిందేదో చేశారు. అలా నీళ్ళలో వెయ్యకూడదు. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్ని ఐసులో ఉంచాలి. ప్రతి షెడ్డులోనూ గోడ మీద రాసిపెట్టాల్సిన మాట. మన షెడ్ల గోడల మీద 'సేఫ్టీ ఫస్ట్' తప్ప ఇంకేమీ ఉండదు. ఎలా తెచ్చినా పెద్ద తేడా ఉండేది కాదన్నాడు డాక్టరు. కత్తికి తెగిన వేలైతే అతకొచ్చుగాని, ప్రెస్సు కింద నలిగినదాంట్లో కుట్టడానికి రక్తనాళం దొరకదట.

మత్తు దిగాక వాడన్న మొదటి మాట: "మావా, నాదే తప్పు. నిద్రకళ్ళతో ఉన్నాను. అమ్మకి చెప్పకు."

సూపర్‌వైజరు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ మాటకి ఎంతో జాలిగా తలూపాడు. ఆ తలూపడం నాకు నచ్చలేదు.

జూన్ 15, గురువారం

పెళ్ళికాక ముందునించీ ప్రెస్సులకి డైలు చేసి బతుకుతున్నవాణ్ణి. చిన్నోడు చెప్పింది నాకు లెక్క కుదరటం లేదు. పెడల్ తొక్కాను, స్ట్రోకు పడింది, ముక్క తియ్యడానికి చెయ్యి పెట్టాను, అంతే అంటాడు. స్ట్రోకు పడ్డాకే చెయ్యి పెట్టాడన్నమాట. మరి నిద్ర మాటెందుకు?

అది యాభై టన్నుల పాత సీ-ఫ్రేమ్ ప్రెస్సు, పిన్ను క్లచ్చుది. మోటారు వేసి ఉన్నంతసేపూ పక్కన ఫ్లైవీలు తిరుగుతూనే ఉంటుంది. పెడల్ తొక్కితే పిన్ను వెళ్ళి ఫ్లైవీల్ని పట్టుకుంటుంది, క్రాంకు ఒక చుట్టు తిరుగుతుంది, ర్యాము దిగి మళ్ళీ లేస్తుంది. పైకి చేరాక పిన్ను విడిపోవాలి, బ్రేకు పట్టి ఆపాలి. పిన్ను ఒకసారి పట్టిందంటే ఆ చుట్టు పూర్తయ్యేదాకా ఎవడూ ఆపలేడు. స్ప్రింగు నీరసించినా, పిన్ను అంచు అరిగినా, బ్రేకు లైనింగు పోయినా, పైకెళ్ళిన ర్యాము అక్కడ నిలవకుండా మళ్ళీ దిగుతుంది. పెడల్ ఎవరూ తొక్కకుండానే. మేము దాన్ని డబుల్ కొట్టడం అంటాం. నిమిషానికి అరవై స్ట్రోకుల ప్రెస్సయితే చుట్టుకి ఒక సెకను. అందులో ర్యాము దిగేది అర సెకను. లోపలున్న చెయ్యి ఆ అర సెకనులో విషయం తెలుసుకుని బయటికి రావాలి.

ఇదంతా మా ఓనరుతో అంటే, "సెన్సరు పెట్టిస్తే పోయేదిగా?" అన్నాడు. చాలామంది అలాగే అనుకుంటారు. గాలితో నడిచే ఫ్రిక్షన్ క్లచ్చు ప్రెస్సుకి సెన్సరు పెడితే, చెయ్యి అడ్డం రాగానే ర్యాము సగంలో ఆగుతుంది. పిన్ను క్లచ్చు ప్రెస్సుకి పెడితే అది చెయ్యిని చూస్తుంది. చూసి ఊరుకుంటుంది.

జూన్ 18, ఆదివారం

చిన్నోడితో షిఫ్టులో ఉండే ఒడియా కుర్రాడు నా గదికి వచ్చాడు. హిందీ, తెలుగు కలిపి చెప్పాడు. ప్రమాదానికి ముందటి శనివారం నించే ఆ ప్రెస్సు డబుల్ కొడుతోంది. సూపర్‌వైజరుకి చెప్పారు. "చూసుకుని చెయ్యండి, సోమవారం లారీ వెళ్ళాలి" అన్నాడట. చెయ్యి పడిన రాత్రే ఫిట్టర్ని పిలిపించి స్ప్రింగు మార్పించారు. పొద్దున మొదటి షిఫ్టుకి అదే ప్రెస్సు మీద వేరేవాణ్ణి కూర్చోబెట్టారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రమాదం వల్ల మనిషి నలభై ఎనిమిది గంటలు పనికి రాలేకపోతే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుకి తెలియజేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఉంది. కదిలే యంత్రభాగాలకి గట్టి కంచె ఉండాలనీ, యంత్రం నడుస్తున్నంతసేపూ దాన్ని తియ్యకూడదనీ అందులోనే ఉంది. ఇన్‌స్పెక్టరుకి సమాచారం పంపారో లేదో. పంపినా, ఆయన వచ్చేసరికి ప్రెస్సు బుద్ధిగా ఒక్క స్ట్రోకే కొడుతుంది.

కుర్రాడు చెప్పింది చిన్నోడికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అయినా డబుల్ పడతాదని తెలిసినప్పుడు నాను సూసుకోవాలి గదా మావా" అన్నాడు.

జూన్ 22, గురువారం

వాడి ఈఎస్‌ఐ, అంటే కార్మికుల బీమా, నంబరు వచ్చింది. వివరాలు తెరిచి చూస్తే, రిజిస్టరు చేసింది ఈ నెల 14న పొద్దున. చేరిన తేదీ జూన్ 12. జీతం పదివేల అయిదు వందలు.

వాడు అక్కడ పోయిన ఏడాది వేసవి నించీ చేస్తున్నాడు. ఓవర్‌టైముతో కలిపి నెలకి ఇంచుమించు పధ్నాలుగు వేలు తెచ్చేవాడు.

మానేసర్, గురుగ్రామ్ వైపు వాహనాల విడిభాగాల షెడ్లలో దెబ్బతిన్న కార్మికుల కోసం సేఫ్ ఇన్ ఇండియా అనే సంస్థ పనిచేస్తోంది. 2019 నించీ 'క్రష్డ్' పేరుతో నివేదికలు తెస్తోంది. వేళ్ళు ఎక్కువగా పోయేది పవర్ ప్రెస్సుల మీదనీ, చాలామందికి ఈఎస్‌ఐ కార్డు ప్రమాదం జరిగాకే చేతికొస్తోందనీ అందులో ఉంటుంది. అక్కడి సంగతే అనుకున్నాను. తేదీలు వెయ్యడంలో బాలానగర్ కూడా అంతే చురుకు.

ఐడీపీఎల్ రోజుల్నించీ యూనియన్లో తిరిగిన పెద్దాయన ఒకరు ఫతేనగర్‌లో ఉంటారు. సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్ళాను. చేరిన తేదీ గురించి నేను ఆవేశపడుతుంటే చెయ్యెత్తి ఆపారు. "పనిలో తగిలిన దెబ్బకి ఇన్ని నెలలు చందా కట్టి ఉండాలని లేదయ్యా. మొదటి రోజు తగిలినా ఇవ్వాల్సిందే. యజమాని రిజిస్టరు చెయ్యకపోయినా కార్మికుడు కార్మికుడేనని సుప్రీంకోర్టు కూడా చెప్పింది. నువ్వు చూడాల్సింది తేదీ కాదు, జీతం."

పాత కవరు వెనక లెక్క వేసి చూపించారు. దెబ్బ మానేదాకా రోజు జీతంలో తొంభై శాతం ఇస్తారు. ఆ తరవాత మెడికల్ బోర్డు వైకల్యం ఎంత శాతమో తేలుస్తుంది. ఆ తొంభై శాతంలో అంత శాతం బతికున్నంతకాలం వస్తుంది. చట్టం వెనక ఒక పట్టిక ఉంది. చూపుడు వేలు మొత్తం పోతే 14, రెండు కణుపులు పోతే 11, ఒక కణుపు 9. మధ్య వేలు మొత్తం 12, ఒక కణుపు 7. బొటనవేలు 30. కుడి చెయ్యా ఎడమ చెయ్యా అని ఆ పట్టిక అడగదు. చిన్నోడికి పదకొండూ ఏడూ, పద్ధెనిమిది.

జీతం పధ్నాలుగు వేలయితే రోజుకి 75 రూపాయల 60 పైసలు. పదివేల అయిదు వందలయితే 56 రూపాయల 70 పైసలు. రోజుకి పంతొమ్మిది రూపాయల తేడా. వాడికిప్పుడు ఇరవై నాలుగు.

జూన్ 27, మంగళవారం

చిన్నోడికి జీతం ఇచ్చే కాంట్రాక్టరు ఆపిల్స్ పట్టుకొచ్చాడు. ఒక కవరు కూడా. కవర్లో అరవై వేలు, దాంతోపాటు వంద రూపాయల స్టాంపు కాగితం. "నా అజాగ్రత్త వల్ల జరిగిన ప్రమాదానికి కంపెనీవారు మానవతా దృక్పథంతో ఇచ్చిన మొత్తం స్వీకరించాను, ఇకపై ఎటువంటి క్లెయిమూ చెయ్యను." టైపు బాగా చేయించాడు, ఒక్క అచ్చుతప్పు లేదు.

చిన్నోడు సంతకానికి సిద్ధమయ్యాడు. ఎడమ చేత్తో కలం పట్టుకుని మరీ.

కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాను. కాంట్రాక్టరు నన్నేమీ అనలేదు, వాడి వైపు తిరిగి మాట్లాడాడు. "నువ్వే చెప్పావు కదరా నీ తప్పేనని." అప్పుడు అర్థమైంది నాకు, వాళ్ళందరికీ ఆ ఒక్క మాట ఎందుకంత కావాల్సి వచ్చిందో. తప్పు నాది అనుకున్నవాడు బేరం ఆడడు. ఎంత చేతిలో పెడితే అంతకి దణ్ణం పెడతాడు.

పెద్దాయనకి ఫోను చేశాను. నవ్వారు. నష్టపరిహారం హక్కు వదులుకుంటున్నానని కార్మికుడు రాసిచ్చిన కాగితం చెల్లదని 1923 చట్టంలోనే ఉందట. ఆ పాత చట్టం లెక్కయినా వేసి చూడమన్నారు. జీతంలో అరవై శాతం, అంటే 8,400. ఇరవై నాలుగేళ్ళ వయసుకి గుణకం 218.47. అందులో పద్ధెనిమిది శాతం. మూడు లక్షల ముప్పై వేలు దాటింది. ఈఎస్‌ఐ ఉన్నవాడికి ఆ చట్టం వర్తించదు, రెండూ తీసుకోవడానికి లేదు. కానీ అరవై వేలు ఎంత మానవతో తెలిసింది.

తప్పు సంగతి కూడా అడిగాను. ఈఎస్‌ఐలో దాని ప్రసక్తే లేదన్నారు. కార్మికుడు ఉత్తర్వు మీరి చేసినా సరే, చేసింది యజమాని పని కోసమే అయితే అది పనిలో తగిలిన దెబ్బే. జూన్ 13 రాత్రి నించీ అందరూ వాడి నిద్ర గురించి మాట్లాడుతున్నారు. ఇవ్వాల్సిన ఆఫీసు మాత్రం ఆ ప్రశ్నే అడగదు.

జులై 9

కుట్లు మానాయి. వేలి మొనలకి గుడ్డ తగిలినా ఉలిక్కిపడుతున్నాడు. ఫిజియోథెరపీ అమ్మాయి గిన్నెడు బియ్యంలో చెయ్యి పెట్టి కలపమంది, స్పర్శకి అలవాటు పడాలట. వాడు కలుపుతూ, లేని వేలి గోరు దగ్గర దురద పెడుతోందన్నాడు. ఎక్కడ గోకాలో నన్నే అడిగాడు.

జులై 24, సోమవారం

అక్క చీపురుపల్లి నించి వచ్చింది. చెప్పకుండా ఎన్నాళ్ళు దాస్తాం. వచ్చిన దగ్గర్నించీ వాడికి అన్నం కలిపి నోట్లో పెడుతోంది. వాడు వద్దనటం లేదు. నాకు అది చూస్తే చిరాకు. స్పూనుతో తినగలడు, తినాలి. ఆ మాటంటే, "నీకు పిల్లలుంటే తెలిసేది రా" అంది. ఇద్దరం ఆ పూట మాట్లాడుకోలేదు.

ఊళ్ళో ఎవరో చెప్పారట, వైకల్యానికి సదరం సర్టిఫికెట్టు తెస్తే పింఛను వస్తుందని. నలభై శాతం దాటాలక్కా అన్నాను. "రెండు వేళ్ళు పోతే నలభై కాదేటిరా?" కాదు. అరచెయ్యి ఉంది, బొటనవేలు ఉంది, సర్కారు లెక్కలో వాడు బాగానే ఉన్నాడు. బొటనవేలు పోయి ఉంటే ఎంతో తను అడగలేదు. అడిగితే చెప్పడానికి ఆ పట్టిక అంతా నాకిప్పుడు నోటికొచ్చు. ఇదో విద్య.

రేషను దుకాణం సంగతి కూడా చెప్పింది. ఊళ్ళో కార్డు వాడి పేరున కూడా ఉంది, అక్కడున్నప్పుడు మిషను మీద వేలు పెట్టేది ఎక్కువగా వాడే. "ఇప్పుడెలా?" అని దిగులు. ఆధార్‌కి పది వేళ్ళూ తీసుకున్నారు, వేరేది పెట్టొచ్చు అన్నాను. ఈ ఒక్క విషయంలో నా మాట నమ్మింది.

సెప్టెంబరు 17, ఆదివారం

విశ్వకర్మ జయంతి. మా షెడ్డులో బీహారు, ఒడిశా కుర్రాళ్ళు మిషన్లన్నీ తుడిచి బొట్లు పెట్టి బూందీ పంచారు. లేతుకి దండ, మిల్లింగుకి దండ, ప్రెస్సుకి పెద్ద దండ. నేనూ దణ్ణం పెట్టాను, ప్రతి ఏడూ పెడతాను. పనిముట్టుకి మొక్కడంలో నాకేం అభ్యంతరం లేదు. మొక్కే ముందు బ్రేకు లైనింగు చూడమన్నాను. ఇవాళ సెలవు కదా మాస్టారూ అన్నారు.

చిన్నోడికి నెలనెలా వచ్చే తొంభై శాతం ఇక ఆగిపోతుంది. ఫిట్ సర్టిఫికెట్టు ఇచ్చారు. కంపెనీకి వెళ్తే గేటు దగ్గర ప్యాకింగులో వేశారు, తొమ్మిది వేలకి. చికిత్సలో ఉన్నంతకాలం పనిలోంచి తియ్యకూడదని చట్టం. చికిత్స అయిపోయాక ఆ రక్షణా అయిపోయింది.

అక్టోబరు 5, గురువారం

జీతం సంగతి తేలేలా ఉంది. తేల్చింది నేను కాదు, చిన్నోడి ఫోను.

పేస్లిప్ ఏనాడూ ఇవ్వలేదు, హాజరు పుస్తకం కంపెనీ దగ్గరే ఉంటుంది, సాక్ష్యం ఎక్కణ్ణించి తెస్తామని నేను తలపట్టుకుని కూర్చున్నాను. వాడు పడుకుని ఫోనులో ఏదో చూస్తున్నాడు. "మావా, కాంట్రాక్టరు డబ్బులు ఫోన్‌పేలో గదా ఏసేవాడు?" అన్నాడు. లేచి కూర్చున్నాం ఇద్దరం. బ్యాంకుకి వెళ్ళి స్టేట్‌మెంటు తీయించాం. ప్రతి నెలా ఏడు, పది తేదీల మధ్య అదే నంబరు నించి జమ. 13,900. 14,250. పండగ నెల 15,100. పోయిన ఏడాది జూన్ నించీ.

ఇవాళ ఆ కాగితాలు పట్టుకుని ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకి వెళ్ళాం. అక్కడి ఆఫీసరు వయసులో చిన్నది. వరసలన్నీ ఓపిగ్గా చూసింది. ఓవర్‌టైము డబ్బు మీద కూడా చందా కట్టాలని కంపెనీకి తెలియదా అంది, మమ్మల్ని కాదు, గాల్లోకి. అర్జీ తీసుకుని ముద్ర వేసి నకలు ఇచ్చింది. కంపెనీకి నోటీసు వెళ్తుందట, రికార్డులు తెప్పిస్తారట.

తరవాత మామూలుగానే ప్రమాదం ఎలా జరిగిందని అడిగింది. నేను నోరు తెరిచేలోగా వాడే చెప్పాడు. "ప్రెస్సు డబుల్ కొట్టింది మేడమ్. శనివారం నించీ కొడతా ఉంది. సెప్పినాం, బాగుసెయ్యలేదు."

బయటికొచ్చి టీ తాగాం. గ్లాసు బొటనవేలికీ ఉంగరం వేలికీ మధ్య పట్టుకున్నాడు. ఎప్పుడు నేర్చుకున్నాడో.

నవంబరు 9, గురువారం

మెడికల్ బోర్డు. పొద్దున వెళ్తే మధ్యాహ్నం పిలిచారు. లోపల అయిదు నిమిషాలు కూడా పట్టలేదట. వేళ్ళు చూశారు, మడవమన్నారు, చాపమన్నారు, ఎక్స్‌రే చూశారు. మధ్య వేలికి మిగిలిన కణుపుల్లో ఒకటి పూర్తిగా వంగటం లేదు. ఉన్నా పని చెయ్యని భాగాన్ని పోయినదానితో సమానంగా చూడాలని పట్టిక కింద ఒక వాక్యం ఉంది. అది వాళ్ళకి చెప్పమని చిన్నోడికి పదిసార్లు చెప్పి పంపాను. చెప్పావా అంటే, "పెద్ద డాక్టర్లకి నానేటి సెప్తాను మావా" అన్నాడు. బోర్డు శాతం నచ్చకపోతే అప్పీలుకి వెళ్ళొచ్చు. పెద్దాయన అప్పుడే కాగితాలు సర్దుతున్నారు.

డిసెంబరు 21, గురువారం

పద్ధెనిమిది శాతం వేశారు. వంగని కణుపుని లెక్కలోకి తీసుకోలేదు. జీతం మాత్రం కంపెనీ రాసింది కాకుండా బ్యాంకు కాగితం ప్రకారం తీసుకున్నారు. నెలకి రెండువేల రెండు వందల పైచిల్లర. బాకీ కూడా ఖాతాలో పడింది. బతికే ఉన్నానని మధ్యమధ్యలో కాగితం ఇస్తూ ఉండాలి.

అప్పీలు వెయ్యాలని నేను, చాలని అక్క. చిన్నోడు ఎటూ తేల్చలేదు. ప్యాకింగు మానేస్తానంటున్నాడు. చలికి వేళ్ళు సలుపుతున్నాయి, ఆ గేటు దగ్గర గాలి కొడుతోందట.

2024 జనవరి 22, సోమవారం

మా ఓనరు ఇంకో ప్రెస్సు కొంటానంటే పాత మిషన్ల వ్యాపారి దగ్గరికి వెళ్ళాం. షెడ్డు నిండా వరసగా సీ-ఫ్రేములు, అన్నింటికీ కొత్త ఆకుపచ్చ రంగు. ముప్పై టన్నులు, యాభై, డెబ్భై అయిదు. ఒక్కొక్కదాని ఫ్లైవీలు చేత్తో తిప్పి చూశాను. దాదాపు అన్నీ పిన్ను క్లచ్చులే. మూతపడిన షెడ్డులోంచి ఇక్కడికి వస్తాయి, ఇక్కణ్ణించి తెరిచే షెడ్డులోకి వెళ్తాయి. ఇనుము పాడవదు. పాడయ్యేది చిన్న స్ప్రింగు, దాని ఖరీదు ఒక పూట భోజనమంత ఉండదు.

"గార్డు ఏదీ?" అన్నాను.

"గార్డు ఎవరడుగుతారు సార్, పెట్టినా తీసేస్తారు. కావాలంటే మీరే చేయించుకోండి."

ఓనరుకి ధర నచ్చింది. గాలి క్లచ్చు ప్రెస్సు చూపిస్తే, దాని రేటుకి ఇవి రెండు వస్తాయన్నాడు. మన దగ్గర ఇన్నేళ్ళలో ఎవరికేమైంది అని కూడా అన్నాడు. నేను వాదించలేదు. ఒక షరతు పెట్టాను. కొనేది ఏదైనా, నా డైలకి గార్డు నేనే బిగించి ఇస్తాను, అది తీస్తే డై నడవకుండా బోల్టు వేస్తాను. రేకు పట్టీ లోపలికి వెళ్ళే సందు ఆరు మిల్లీమీటర్లు, వేలు దూరదు. పట్టీ పనికి చెయ్యి లోపల పెట్టాల్సిన అవసరమే లేదు కాబట్టి స్ట్రోకులు తగ్గవు. విడి ముక్కలు వంచే పనికి మాత్రం ముక్కని తోసే స్లయిడు కావాలి, అక్కడ నిమిషానికి కొన్ని తగ్గుతాయి.

"ఎన్ని తగ్గుతాయి?" అన్నాడు.

చేసి చూస్తేగాని చెప్పలేనన్నాను. రేపు మూడు మిల్లీమీటర్ల రేకు తెప్పించాలి. చిన్నోణ్ణి రమ్మన్నాను, మార్కింగు వాడి చేత చేయిస్తాను.